ఎనిమిది కోర్ల మిషన్

మా ఊళ్ళో ఏ పని ఆలస్యమైనా నేరం మిషన్‌దే. బ్యాంకులో కౌంటర్ వెనక మనిషి తలెత్తకుండా "సిస్టం స్లో అమ్మా" అంటాడు. జిరాక్సు షాపులో మిషన్ వేడెక్కిందంటారు. మేమూ అదే అన్నాం. వచ్చిన ప్రతి మనిషితో అన్నాం, చివరికి మాలో మేమూ అదే అనుకున్నాం. అలా అనీ అనీ, చీటీ పాడిన డబ్బంతా పోసి ఎనిమిది కోర్ల, అరవై నాలుగు బిట్ల మిషన్ ఒకటి తెచ్చుకున్నాం. దాని సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు బరువెక్కుతుంది. అయినా చెప్తాను. ఎందుకంటే ఈమధ్య ఎవరు కంప్యూటర్ కొనాలన్నా "అక్కా, ఎన్ని కోర్లది తీసుకోమంటారు?" అని నన్నే అడుగుతున్నారు. ప్రతివాళ్ళకీ మొదటినుంచీ చెప్పే ఓపిక నాకు లేదు.

మాది శ్రీకాకుళంలో, బస్టాండుకి కాస్త దూరంగా, మందుల షాపు పక్క సందులో ఉన్న డీటీపీ సెంటర్. అంటే కంప్యూటర్లో అక్షరాలు కొట్టి, పేజీలు పేర్చి ప్రెస్సుకి పంపే పని. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, గుడి ఉత్సవాల కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు, ఎప్పుడైనా ఒక రిటైరైన మాస్టారి పద్యాల పుస్తకం. పనిచేసేది నేనూ మా బావా, ఇద్దరమే. బావంటే నా భర్తే. మా మేనత్త కొడుకు. పెళ్ళికి ముందు ఎలా పిలిచానో పెళ్ళయ్యాకా అలాగే పిలుస్తున్నాను, ఇప్పుడు ఇద్దరికీ జుట్టు నెరిసినా సరే.

వాళ్ళది తరాలుగా గుడిలో స్వామి ముందు పాడే ఇల్లు. బావకీ గొంతు వచ్చింది గాని, గొంతుతో ఇల్లు గడవదని చిన్నప్పుడే తెలిసిపోయి టైపు నేర్చుకున్నాడు, తరవాత కంప్యూటర్‌కి మారాడు. తెలుగు కొట్టేది తను. ఇంగ్లీషు మ్యాటరు, బొమ్మలు పెట్టడం, గిరాకీలతో మాట్లాడ్డం, ప్రెస్సువాళ్ళతో పోట్లాడ్డం నావి. తెలుగు టైపింగు తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. మా కీబోర్డు మీద తెలుగు అక్షరం ఒక్కటీ ఉండదు. కనిపించేవన్నీ ఇంగ్లీషువే. ఏ మీట నొక్కితే 'క' పడుతుందో, దేనితో కలిపి నొక్కితే ఒత్తు కిందికి దిగుతుందో, అదంతా వేళ్ళకి తెలియాలి. బావ వేళ్ళకి తెలుసు. రాతకాగితం మీద కళ్ళు పెట్టి టకటకా కొట్టుకుపోయేవాడు. కీబోర్డు వంక చూడ్డం తనకి నామోషీ.

మా షాపుకొక పద్ధతి ఉంది. ఏ కార్డైనా ప్రెస్సుకి పోయేముందు బావ పైకి చదవాలి, నేను గిరాకీ ఇచ్చిన కాగితం పట్టుకుని సరిచూడాలి. పాడే ఇంటివాడు కదా, గోత్రాలూ ఇంటిపేర్లూ కూడా రాగం తీసి చదువుతాడు. బల్ల ముందు నిలబడ్డ గిరాకీలు నవ్వుకునేవాళ్ళు. నాకు నవ్వు వచ్చినా ఆపుకునేదాన్ని, ఎందుకంటే నేను నవ్వితే ఒక తప్పు జారిపోతుంది. "మేనమామ పేరు తప్పు పడితే పెళ్ళి పీటల మీదే ఆగిపోద్దే, సరిగ్గా సూడు" అనేవాడు. మా వైపు మేనమామకి అంత విలువుంది. కార్డులో పెళ్ళికొడుకు పేరు తప్పు పడినా క్షమిస్తారు గాని మేనమామ పేరు తప్పు పడితే ఇంటికొచ్చి తిడతారు.

మా పాత మిషన్ ఎప్పుడు స్లో అయిందో ఫలానా రోజని చెప్పలేను. పొద్దున్న టీ తాగేలోపు అయిపోయే కార్డు మధ్యాహ్నం భోజనం దాకా సాగడం మొదలైంది. తరవాత మర్నాటికి పోయింది. "కదలట్లేదే ఇది" అనేవాడు బావ. నేను వెళ్ళి చూస్తే తెర మీద నిజంగానే ఏదీ కదిలేది కాదు. మిషన్ ముసలిదే, అందులో అబద్ధం లేదు. దాని ఫ్యాను చప్పుడుకి మందుల షాపువాడు గోడ కొట్టేవాడు. గిరాకీలకి నేనే సర్దిచెప్పేదాన్ని. "రేపు రండి బాబూ, మిషన్ బాగోలేదు." రోజూ అదే మాట. ఆ మాట చెప్పడం అలవాటైపోయి, ఒకసారి మా అమ్మ ఫోన్ చేసి ఎలా ఉన్నావే అంటే "మిషన్ బాగోలేదమ్మా" అన్నాను.

బావ ఒక ఫిర్యాదు మాత్రం పదేపదే చేసేవాడు. ఒకేసారి పది ఫైళ్ళు తెరిస్తే మిషన్ ఉక్కిరిబిక్కిరైపోతోందట.

"పది ఫైళ్ళు నీకెందుకు బావా? కొట్టేది ఒక కార్డే కదా?" అన్నాను.

"పాత కార్డుల్లో డిజైన్లు సూసుకోవాలి కదే. నీకు తెలీదులే."

తెలియదన్నాడు కదా, ఊరుకున్నాను. డిజైన్లు చూసేది ఎప్పుడూ నేనే. ఆ మాట ఆ రోజు నాకు తట్టనేలేదు.

చివరికి మిషన్లు బాగుచేసే తమ్ముణ్ణి పిలిచాం. తమ్ముడంటే వరసకే. మా షాపు పెట్టిన కొత్తలోనే పరిచయమైన మనిషి, ఇప్పుడు సొంతంగా దుకాణం నడుపుతున్నాడు. నన్ను అక్కా అంటాడు, బావని మాస్టారూ అంటాడు. మూత విప్పి, దుమ్ము ఊది, మూత బిగించి పెదవి విరిచాడు.

"మాస్టారూ, ఇది ముప్పై రెండు బిట్లది. ఒక హద్దు దాటి మెమరీ పెట్టినా దీనికి కనబడదు. అరవై నాలుగు బిట్లదైతే ఎంత పెడితే అంతా వాడుకుంటాది. ఎనిమిది కోర్లది తీసుకోండి. పది ఫైళ్ళు కాదు, వంద తెరిసీండి."

"కోర్లంటే ఏటిరా?" అన్నాను.

"బుర్రలక్కా. దీనికి ఒకటే బుర్ర. దానికి ఎనిమిది. ఎనిమిదీ ఒకేసారి పని సేస్తాయి."

బావ "ఎనిమిది బుర్రలు" అని మెల్లగా తనలో తను అనుకున్నాడు. తరవాత నా వైపు తిరిగి, "కొనీద్దామే" అన్నాడు. ఎప్పుడూ ఒక పెన్ డ్రైవు కొనడానికి కూడా నెల్లాళ్ళు ఆలోచించే మనిషి. అంత తొందరగా అడిగేసరికి కాదనలేకపోయాను.

మిషన్ వచ్చింది. వచ్చింది ఆషాఢంలో. పెట్టె విప్పనివ్వలేదు బావ.

"ఆషాఢంలో కొత్త మిషన్ తెరుస్తారేటే ఎవులైనా?"

"అదేమైనా కొత్త కోడలా బావా, ఆషాఢంలో అత్తారింట ఉండకూడదనడానికి?"

నేనెంత మొత్తుకున్నా వినలేదు. అంత డబ్బు పోసి కొన్న పెట్టె శ్రావణం దాకా బల్ల కింద కూర్చుంది. వచ్చినవాళ్ళు దాని మీద చెప్పుల కాళ్ళు పెట్టుకున్నారు. నేను రోజూ పాత మిషన్‌ని, కొత్త పెట్టెని, మా బావని వరసపెట్టి తిట్టుకుంటూ గడిపాను. శ్రావణం రాగానే మంచిరోజు చూసి, గుమ్మంలో కొబ్బరికాయ కొట్టి, మానిటర్‌కి పసుపూ కుంకుమా పెట్టి స్విచ్చి వేశాం. తెర క్షణంలో వెలిగింది. పాతది వెలిగేలోపు నేను షాపంతా ఊడ్చి వచ్చేదాన్ని. ఆ వెలుగు చూసి నాకు నిజంగా సంతోషం వేసింది, దాచుకోవడం ఎందుకు.

ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. మా తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ చాలా పాతది. దానికొక తాళం ఉంటుంది, మిషన్ వెనక గుచ్చే చిన్న బిళ్ళ. ఆ బిళ్ళ ఉంటేనే అక్షరాలు వస్తాయి. కొత్త మిషన్ ఆ బిళ్ళని గుర్తు పట్టలేదు. సాఫ్ట్‌వేర్‌ని ఎక్కిద్దామంటే, ఇంత పాతది నాలో నడవదు పొమ్మంది. అరవై నాలుగు బిట్లట, పదహారు బిట్ల కాలంనాటి సరుకుని గడప తొక్కనివ్వదట. తమ్ముడు వచ్చాడు, వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. చివరికి కొత్త మిషన్ లోపల పాత మిషన్ లాంటిదొకటి తయారుచేశాడు. ఒక కిటికీ తెరిస్తే అందులో మన పాత తెర, పాత అక్షరాలు, అన్నీ అలాగే కనిపిస్తాయి. తాళం కూడా పనిచేసింది.

"దీనికెన్ని బుర్రలిచ్చావు?" అనడిగాను.

"ఒకటేనక్కా. ఎక్కువిచ్చినా వాడుకోడం దానికి రాదు."

అంటే ఎనిమిది బుర్రలదాన్ని కొని, దాని చేత ఒంటిబుర్ర పాత మిషన్ వేషం వేయించామన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. తమ్ముణ్ణి నిలబెట్టి అడిగాను, మరి ఆ మిగతా ఏడూ ఏం చేస్తాయని. వాడూ అప్పటికి విసిగిపోయి ఉన్నాడు, అయినా స్టూలు లాక్కుని కూర్చుని చెప్పాడు. పెళ్ళి వంటకి ఎనిమిది మందిని పెట్టామనుకోండి. కూరలు తరగడమైతే ఎనిమిది మందీ తలొక గుట్టా ముందేసుకుని కూర్చుంటారు, పని ఇట్టే తెములుతుంది. ఒక గిన్నెలో పులిహోర కలపడానికి మాత్రం ఎనిమిది మంది చేతులు పెట్టలేరు, ఒకడు కలుపుతుంటే ఏడుగురు నిలబడి చూడాల్సిందే. అక్షరాలు కొట్టడం పులిహోర లాంటిది. ఒకదాని తరవాత ఒకటి. పైగా, "కలిపీవోడు కూడా మీరు అన్నం తెచ్చీదాకా కాసుకుని ఉంటాడక్కా" అన్నాడు.

నమ్మకం లేక ఎదుటి ఫ్లెక్సీ షాపుకి వెళ్ళి చూశాను. అక్కడా అలాంటి మిషనే ఉంది. నాయకుడి ఫొటో ఒకటి ఇంటి గోడంత పెద్దది చేసి, చుట్టూ రంగులు మారుస్తున్నారు. వాళ్ళకి అది గాలిలో పోయినట్టు పోతోంది. అంత ఫొటోని ముప్పై రెండు బిట్లది మింగలేదు, ఇది మింగుతోంది. ఆ రంగులు మార్చే పనిని ముక్కలు చేసి అన్ని కోర్లకీ పంచుతోంది. వాళ్ళకి దండగ కాదు. మాకు దండగ. ఉత్తరాలు రాసుకునేవాళ్ళకి, లెక్కల పట్టీలు వేసుకునేవాళ్ళకి, నాలుగు వాక్యాల శుభలేఖ కొట్టేవాళ్ళకి ఎనిమిది కోర్లతో పనిలేదు. త్వరగా వెలుగుతుంది, త్వరగా మూతపడుతుంది, ఫైలు త్వరగా తెరుచుకుంటుంది. మధ్యలో మనం ఎంత వేగంగా ఉంటే పని అంత వేగంగా ఉంటుంది. అడిగినవాళ్ళందరికీ ఇదే చెప్తున్నాను, ఒక్కరూ వినరు. ఎక్కువ కోర్లదే కొంటారు.

శ్రావణం ముహూర్తాల కార్డులు వచ్చి పడ్డాయి. మిషన్ కొత్తది, పని పాత వేగమే. నిజం చెప్పాలంటే ఇంకా తగ్గింది. కోటబొమ్మాళిలో బియ్యం వ్యాపారం చేసే ఒక వర్తకుడు మాకు పాత గిరాకీ. వాళ్ళింట్లో బారసాల నుంచి పెద్దకర్మ దాకా ఏ కార్డైనా బావే కొట్టాలి. వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళి కుదిరింది. మ్యాటరు ఇచ్చి వెళ్ళి, రెండుసార్లు బస్సెక్కి వచ్చి ఉత్త చేతులతో వెళ్ళాడు.

"కొత్త మిషన్ కొన్నారంట గదా పంతులూ, ఇంకా అవనేదేటి?"

"కొత్తది కదా బాబూ, అలవాటు పడాలి" అన్నాడు బావ. నావైపు చూడలేదు.

నాకు తల కొట్టేసినట్టయింది. వర్తకుడు వెళ్ళగానే తమ్ముడికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు అరిచాను. వాడు పాపం బండేసుకుని వచ్చాడు. బావ టీకి వెళ్ళాడప్పుడు. తమ్ముడు తెర మీద ఒక చిన్న కిటికీ తెరిచాడు. అందులో ఎనిమిది గళ్ళు, గడికొక గీత.

"ఒక్కో గడీ ఒక్కో కోరు. పని పడితే గీత పైకి లేస్తాది, పనిలేకపోతే నేల మీద పాకుతాది. ఇది తెరిసే ఉంచక్కా. మాస్టారు ఆగిపోయింది అన్నప్పుడల్లా సూడు. గీత లేస్తే తప్పు మిషన్‌ది, నా దుకాణం మూసీసి పోతాను. లేవకపోతే నన్ను తిట్టకు."

వాడు వెళ్ళిపోయాడు. బావ వచ్చి కూర్చున్నాడు. ఆ గళ్ళేమిటని కూడా అడగలేదు. నేను వెనక బెంచీ మీద కూర్చుని నమూనా కార్డులు మడతపెడుతూ గీతల్నే చూశాను. ఎనిమిది గీతలూ నేల మీదే ఉన్నాయి. అప్పుడప్పుడూ ఒకటి కొంచెం ఉలిక్కిపడి మళ్ళీ పడుకునేది. "ఆగిపోయిందే" అన్నాడు బావ. గీతలు లేవలేదు. మిషన్ ఖాళీగా ఉంది. మిషన్ మా కోసం చూస్తోంది.

అప్పుడు తెర వదిలేసి బావని చూశాను. అన్నేళ్ళుగా పక్కన కూర్చుని పనిచేస్తూ, తను పనిచేయడం నేను చూడటం ఎప్పుడు మానేశానో తెలియదు. తెర అడుగున పాత కార్డులు వరసగా తెరిచి ఉన్నాయి, పదీ పన్నెండూ. బావ చేతులు కీబోర్డు మీద లేవు. కుడిచెయ్యి మౌసు మీద ఉంది. 'జ్యేష్ఠ పుత్రిక' అని కొట్టాలి. ఒక పాత కార్డు తెరిచాడు. కిందికి దించాడు, పైకి ఎక్కించాడు, అందులో 'జ్యేష్ఠ' దొరికింది. దాన్ని ఎత్తి తెచ్చి కొత్త కార్డులో అతికించాడు. మంచి ఉపాయమే, అంత ఒత్తున్న మాటకి ఎవరైనా అలా చేయొచ్చు అనుకున్నాను, అలా అనుకోవాలని నాకెంతో ఉంది. తరవాత ఇంకో కార్డు తెరిచాడు. చాలాసేపు వెతికాడు. ఒక చోట ఆగి ఒకే ఒక్క అక్షరాన్ని జాగ్రత్తగా ఎత్తి తెచ్చి పెట్టాడు. అది 'మ'. మామూలు 'మ'. 'మేనమామ'లోంచి తెచ్చిన 'మ'.

పది ఫైళ్ళు ఎందుకో తెలిసింది. అక్షరాల కోసం.

"బావా" అన్నాను.

వెనక్కి తిరగలేదు. "సూసీసావా?" అన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదట 'క్ష' పోయింది. పోతే పోయింది, ఎక్కడో గాని రాదు కదా అనుకున్నాను. తరవాత 'ఠ'. తరవాత ఒత్తులు. సదవడానికి అన్నీ వచ్చునే. కళ్ళకి తెలుసు. ఏలికి తెలీడం నేదు. మొన్న 'మ' పోయింది."

"నాకు సెప్పొచ్చు కదా?"

"ఏటి సెప్పమంటావు? అచ్చరాలు కొట్టీవోడికి అచ్చరాలు దొరకట్లేదని సెప్పనా? మిషన్ స్లో అంటే ఎవులూ ఏటీ అనరు."

"మరి ఇంత డబ్బు పోసి ఇదెందుకు కొనిపించావు?"

"పాతది పది ఫైళ్ళు తెరిస్తే ఆగిపోయీది. ఇది ఆగదన్నాడు కదా. తొందర తొందరగా ఎతుక్కోవచ్చనుకున్నాను."

ఎనిమిది కోర్ల వల్ల మా షాపులో ఎవరికైనా నిజంగా మేలు జరిగిందంటే అదొక్కటే. వెతుక్కోవడం కొంచెం తేలికైంది. ఆ మాట విన్నాక నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపం మాత్రం ఎక్కడికి పోయిందో, మళ్ళీ రాలేదు. బదులుగా ఒక భయం పట్టుకుంది. షాపు పోతుందని కాదు. పని పోతే ఇంకో పని చేసుకుంటాం. కొట్టడం రాకపోతే బావ ఇక ఆ కుర్చీలో కూర్చోడని, ఇంట్లో గోడకి చేరబడి ఊరుకుంటాడని భయం. ఈ ఊళ్ళో 'తెలుగు కొట్టాలంటే ఆయన దగ్గరికే' అనే మాట తప్ప తనకి వేరే ఆస్తి లేదు. అది పోయాక మనిషి ఎలా మిగులుతాడు?

మీటల మీద తెలుగు అక్షరాల కాగితం ముక్కలు అతికించాను. ఒక్కో మీటకి రెండు మూడు అక్షరాలు, వాటి మధ్య బావ వేలు దారి తప్పేది. గోడకి పెద్ద పటం రాసి తగిలించాను. బావ పటంలో 'మ' చూసేవాడు, కళ్ళు కిందికి దించేలోపు అది జారిపోయేది. మళ్ళీ పైకి చూసేవాడు. ఒక పూట అలా చూసి నేనే పటం తీసేశాను, తను అడక్కముందే.

డాక్టరు దగ్గరికి రానన్నాడు, లాక్కెళ్ళాను. ఇక్కడ చూసి, స్కానింగుకి విశాఖపట్నం పంపారు. తలలో సన్నటి నరాలు కొన్ని మూసుకుపోయాయట, మాకు తెలియకుండానే, నొప్పీ గిప్పీ లేకుండానే. బీపీ మాత్రలు మానకుండా వేసుకోమన్నారు, లేకపోతే ఇంకా పోతాయన్నారు. "పోయినవి వస్తాయా డాక్టరుగారూ?" అంటే, ఆయన కాసేపు ఫిల్ము వంక చూసి, "కొన్ని రావచ్చమ్మా. రాకపోతే కంగారు పడకండి" అన్నారు. రైల్లో తిరిగొస్తుంటే బావ కిటికీ పక్క కూర్చుని స్టేషన్ల పేర్లన్నీ పైకి చదివాడు. నాకు వినిపించాలని చదివాడని తెలుసు. కళ్ళు పోలేదని, చదువు పోలేదని. నేను వింటున్నట్టు తలూపుతూ కూర్చున్నాను గాని, ఎంత అలసిపోయానో ఆ రోజు తెలిసింది.

"ఎవులికీ సెప్పకే" అన్నాడు దిగేముందు.

చెప్పలేదు. అప్పటినుంచి తెలుగు నేను కొడుతున్నాను. నాది బండి నడక. బావ పక్క స్టూలు మీద కూర్చుని మ్యాటరు చదువుతాడు, నేను మీటలు వెతుక్కుంటూ కొడతాను. ఎవరైనా గుమ్మంలోకి వస్తే ఇద్దరం కుర్చీలు మారిపోయేవాళ్ళం. తను చేతులు కీబోర్డు మీద పెట్టుకుని ఆలోచిస్తున్నట్టు కూర్చునేవాడు. నేను లేచి "మిషన్ స్లోగా ఉందండీ" అనేదాన్ని. ఆ మాట అంటున్నప్పుడల్లా ఆ కొత్త మిషన్ని చూస్తే జాలేసేది. దానికి నోరుంటే నన్ను ఏం తిట్టేదో. రోజంతా అలా లేచీ కూర్చునీ, సాయంత్రానికి నా మోకాళ్ళు పట్టేసేవి. ఈ నాటకం ఎన్నాళ్ళాడతాం అని అడగాలనుకునేదాన్ని, తన మొహం చూసి మానుకునేదాన్ని.

కోటబొమ్మాళి వర్తకుడు మూడోసారి వచ్చాడు. ఎండన పడి వచ్చాడేమో, గుమ్మంలో చెప్పులు విడిచి తిన్నగా లోపలికి వచ్చేశాడు. మాకు కుర్చీలు మారే వ్యవధి లేకపోయింది. నేను కీబోర్డు దగ్గర ఉన్నాను, వాళ్ళమ్మాయి కార్డే సగంలో ఉంది. బావ స్టూలు మీద, చేతిలో రాతకాగితం.

"ఇదేటి పంతులూ, మనిషివి నువ్వుండగా చెల్లమ్మ సేత కొట్టించడమేటి? నువ్వు కొడితే నిన్నే అయిపోయీది. ఆ మిషన్ ఇంకా స్లోగానే ఉన్నాదేటి?"

నేను అలవాటుగా నోరు తెరిచాను. "అవునండీ, అది కొంచెం..." అనబోయాను.

"మిషన్ బాగానే ఉన్నాది బాబూ" అన్నాడు బావ. "దానికేటీ నేదు. ఎనిమిది బుర్రలు, అన్నీ బాగానే ఉన్నాయి. నాదొక్కటే పోయింది. నాకు 'మ' ఎక్కడున్నాదో తెలీదు. అందుకే ఇది కొడతంది."

వర్తకుడు పెద్దగా నవ్వాడు. బావ మాటల్లో వెటకారం ఎప్పుడూ ఉండేదే కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాడు. బావ నవ్వలేదు. వర్తకుడి నవ్వు కొంచెం కొంచెంగా ఆగింది. నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయనకి అర్థమైనట్టుంది. వెళ్ళి బెంచీ మీద కూర్చుని, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"రా, అయిపోగొడదాం. పెద్దమనిషి ఎన్నిసార్లు తిరుగుతారు?" అన్నాడు బావ. స్టూలు మీద సర్దుకుని కాగితం ఎత్తి పట్టుకుని, అన్ని రోజుల తరవాత గొంతెత్తి, రాగం తీసి, మేనమామ పేరు చదవడం మొదలుపెట్టాడు.

నాకు తెర కనబడలేదు. కళ్ళనిండా నీళ్ళు.

"ఆగు బావా" అన్నాను. "కొంచెం ఆగు."

తను ఆగాడు.